వసారాలో కాటా

అదుగో, మళ్లీ లేచాడు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేడు కదా. కోర్టు నడవాలో ఉన్న ఈ పొడుగాటి చెక్కబెంచీకి ఇటు చివర నేను, అటు చివర మా అన్నయ్య, మధ్యలో ముగ్గురు పట్టేంత ఖాళీ. "సాక్షులు ఒకరితో ఒకరు మాట్లాడకూడదండీ" అని బంట్రోతు ఇద్దరికీ కలిపి ఒకసారి, నాకు విడిగా ఇంకోసారి చెప్పి వెళ్లాడు, నేనేదో మీదపడి కబుర్లాడేస్తానన్నట్టు. ఎవడికి కావాలి కబుర్లు? పొద్దున పదింటికి వచ్చి, నడవా మలుపు తిరిగి, బెంచీ మీద తెలిసిన వీపు ఒకటి కనబడితే ఇదేంటి ఇక్కడ అనుకుంటూ దగ్గరికొచ్చి, గోడకి అంటించిన సాక్షుల జాబితా చదివాను. ముద్దాయి తరఫు సాక్షి, ఒకటి. దాని కింద అన్నయ్య ఉద్యోగం, ఆఫీసు, వయసు. ముద్దాయి తరఫు! అంటే నేను పట్టుకుని జైల్లో పెట్టిన మనిషి తరఫు. ఇరవై ఆరేళ్ల డిటెక్టివ్ ఉద్యోగంలో ఎవరి సాయమూ లేకుండా నేనొక్కణ్ణే తేల్చిన మొదటి కేసు ఇది, దీన్ని పడగొట్టడానికి లోకంలో ఇంకెవరూ దొరకనట్టు నా తోడబుట్టినవాడే దొరికాడు. చూడు ఎలా ఉన్నాడో, నిమ్మకు నీరెత్తినట్టు. లేచి ఏం చేస్తున్నాడయ్యా అంటే బెంచీ కాళ్లు చూస్తున్నాడు. మోకాళ్లు పటపటమంటుండగా వంగి, నాలుగు కాళ్లలో పొట్టి కాలేదో కనిపెట్టి, జేబులోంచి పాత రసీదు కాగితం ఒకటి తీసి, మడిచి, మళ్లీ మడిచి, సరిగ్గా నా చెప్పు పక్కనున్న కాలి కింద దూర్చాడు. తలెత్తి నా మొహం చూడలేదు. నేనూ చూడలేదనుకోండి.

ఇప్పుడు బెంచీ ఊగదు. ఎన్నేళ్లుగా ఊగుతోందో, ఎంతమంది ప్లీడర్లు, ముద్దాయిల తల్లులు దీని మీద ఊగుతూ కూర్చున్నారో, ఒక్కరికీ పట్టలేదు, మావాడికి పట్టింది. వదినావాళ్లింటికి మొట్టమొదటిసారి భోజనానికి వెళ్లినప్పుడూ ఇంతే, గ్లాసులో నీళ్లు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయని బల్ల కింద దూరాడట. "నేను మొదట చూసింది మీ అన్నయ్య మొహం కాదయ్యా, మడమలు" అని వదిన ఇప్పటికీ నవ్వుతుంది. ఏం చేస్తాడు, పెరిగింది అలాంటి ఇంట్లో. నాన్న కాటాలు బాగుచేసేవాడు. ముందుగదే దుకాణం, తూకపు రాళ్లే మాకు బొమ్మలు, పెద్ద రాయి తండ్రి, చిన్న రాళ్లు పిల్లలు. నేను వాటిని దొర్లించి ఆడుతుంటే అన్నయ్య వాటిని తుడిచి వరసగా పెట్టేవాడు. నేను కుదురులేక పోలీసుల్లో చేరాను, తను కుదురెక్కువై తూనికలు కొలతల ఆఫీసులో చేరాడు. ముప్ఫై నాలుగేళ్లు. కొట్లకీ, మిల్లులకీ, గోదాములకీ వెళ్లడం, కాటా పరీక్ష చేయడం, సరిగ్గా ఉంటే సీసపు బిళ్ల మీద ముద్ర వేయడం, లేకపోతే పక్కన పెట్టించడం. ఎవరింట్లోనూ మంచినీళ్లు తప్ప ఇంకేమీ పుచ్చుకోడు. బజారులో తనకి పెట్టిన పేరు ముల్లు. కాటా ముల్లే లెండి, కానీ అనేవాళ్లు గుచ్చుకునే ముల్లన్నట్టే అంటారు. తన చెవినా పడింది. "ముల్లంటే మంచిదేగా, మధ్యలో నిలబడుతుంది" అన్నాడు. కోపం రాదు. కోపం వస్తే బాగుండునని నాకు ఎన్నిసార్లు అనిపించిందో! ఒక్కసారి, ఒక్క మాట విసురుగా అంటే, నేనూ ఒకటి అనేసి ఊరుకునేవాణ్ణి.

నిజం ఒప్పుకోవాలంటే నేను డిటెక్టివ్‌ని అయింది సగమే, మిగతా సగం అన్నయ్య. ఏ కేసైనా చిక్కుపడితే ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లడం, వదిన ఇచ్చిన టీ తాగడం, మొదట్నుంచీ చివరిదాకా చెప్పడం. తను వింటూ ఏదో ఒకటి తుడుస్తుంటాడు, కళ్లజోడో, చెంచాలో, తలుపు గొళ్లెమో. అంతా విన్నాక మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "నువ్వెక్కడ నిలబడి చూశావు?" మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఎక్కడ నిలబడితే ఏం? అత్తరు దుకాణం దొంగతనమప్పుడు కూడా ఇదే అడిగాడు. గుమ్మంలో నిలబడి అన్నాను. గుమ్మంలోంచి బల్ల వెనకాల నేల కనపడిందా? కనపడింది. ఎలా కనపడింది? అద్దంలో అన్నాను, అనగానే నా నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. నాకు కనపడితే ఎదుటి మెట్ల మీద రోజంతా కూర్చునే బూట్లు కుట్టేవాడికీ కనపడుతుంది కదా, తాళాలు ఎక్కడ దాస్తారో. జవాబు తను ఎప్పుడూ చెప్పడు. నా నోటితోనే చెప్పిస్తాడు, చెప్పించి, "అబ్బో, భలే పట్టావురా" అంటాడు, పైగా. మొదట్లో ఆ మాట నమ్మేవాణ్ణి కూడా. ఆ కేసుకే నాకు పతకమిస్తే, తెచ్చి చూపిస్తే, దాన్ని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "వెండి కాదురా ఇది, తేలిగ్గా ఉంది" అన్నాడు. వదిన నెత్తి కొట్టుకుంది. పాపం, పతకాన్ని తక్కువ చేయాలని కాదు. చేతిలో ఏదైనా పడితే బరువు చూడకుండా ఉండలేడు, అంతే.

స్టేషన్లో కుర్రాళ్లు అన్నయ్యకి పెట్టిన పేరు హెడ్డాఫీసు. "సార్, ఫైలు హెడ్డాఫీసుకి వెళ్లొచ్చిందా?" అని ఒకడంటే ఇంకొకడు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పోనీలే, చిన్నవాళ్లు. కానీ మా పెద్దాఫీసరు నిండు మీటింగులో, నలభై మంది ముందు, "ఈ కేసు సంగతి హెడ్డాఫీసు ఏమంటోంది?" అన్నప్పుడు అందరూ గొల్లుమన్నారు, నేనూ నవ్వాను, నవ్వుతుంటే చెవులు కాలిపోయాయి. యాభై రెండేళ్లు నాకు. జుట్టు నెరిసింది, మోకాలి నొప్పి మొదలైంది, ఇంకా నేను ఫలానావాడి తమ్ముణ్ణి. ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను, ఇక వచ్చే కేసు నాది. నాదొక్కడిదే. దాన్ని గురించి అన్నయ్యతో ఒక్క మాట కూడా అనను. సరిగ్గా రెండు రోజులకి రాగి తీగ కేసు వచ్చింది. పేరు లేని ఉత్తరం ఒకటి, ఫలానా గోదాములో స్టోరుకీపరు తీగ కాజేస్తున్నాడని. వెళ్లాను. రెండువందల పన్నెండు రాగితీగ చుట్టలు, ఒక్కోదానికి వచ్చిననాటి బరువు రాసిన రేకుబిళ్ల కట్టి ఉంది. కాటా కూడా అక్కడే ఉంది, పాతకాలపు బల్లకాటా, నడుముకి అన్నయ్య వేసిన సీసపు ముద్ర, ఎనిమిది నెలల నాటిది. ఆ ముద్ర చూసి లోపల్లోపల ఒక ఆనందం, చూడు, నీ ముద్రతోనే, నువ్వు లేకుండానే, అని. అన్నీ తూయించాను. ప్రతి చుట్టా బిళ్ల మీద రాసినదాని కంటే కొంచెం తక్కువ. వంద కిలోలకి కిలోన్నర, అటూ ఇటూగా. ఎంత తెలివి! ఒకే చుట్ట మాయమైతే పట్టుబడతాడని ప్రతి చుట్ట నుంచీ బారెడేసి కత్తిరిస్తున్నాడన్నమాట. స్టోరుకీపరు సొరుగులో కట్టరు దొరికింది. ఇంకేం కావాలి?

ఆ స్టోరుకీపరు కూతురే ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డ అమ్మాయి. అరవై రెండు రోజులుగా రోజూ స్టేషనుకో జైలుకో వచ్చింది, ఈ రోజు ఇక్కడికి. చేతిలో వాళ్ల నాన్న కళ్లజోడు పెట్టె. దగ్గరచూపు అద్దాలు వేరే ఉన్నాయట, కాగితాలేవైనా చదవమంటారేమోనని తెచ్చింది. నాకేసి చూస్తుంది, చూసి, చూపు తిప్పుకోదు, అలాగని కోపంగానూ చూడదు. తిట్టినా బాగుండేది. ఆ మనిషికి అరవై దాటుతాయి, నోట్లో నాలుక లేనివాడు, చుట్టలన్నీ తూచాక ఒకే ఒక మాట అన్నాడు. "బాబూ, కాటా లోపల పెట్టి ఒక్కసారి తూచండి." లోపల అంటే గదిలో, రాతినేల మీద, ఎప్పుడూ ఉండే చోట. నేను కాటాని వసారాలోకి తీయించాను కదా. వెలుతురు కోసం. లోపల చీకటి, సాక్షులకి ముల్లు కనపడాలి, అందుకని. వెలుతురు కోసమే, ఇందులో తప్పేముంది? అయినా ఇలాంటి మాటలు నేనెన్ని వినలేదు, ఇంకోసారి చూడండి, ఇంకోసారి అడగండి, పట్టుబడ్డవాడు ప్రతివాడూ అనే మాటే. "అంతా అయిపోయింది పెద్దాయనా, పద" అన్నాను. పోనీ గట్టిగా అన్నానా అంటే లేదు, మర్యాదగానే అన్నాను. మర్యాదగా అన్నానన్నది ఇప్పుడెందుకు గుర్తొస్తోందో.

ఎండ జరిగి పాదాల మీదికి వచ్చింది. లోపల ఎవరిదో సాక్ష్యం నడుస్తోంది, తలుపు తీసినప్పుడల్లా జడ్జిగారి తుమ్ము వినబడుతోంది. తరవాత నా పిలుపే. ఆ తరవాత అన్నయ్యది. ఆ స్టోరుకీపరుని పట్టుకున్నాక ఒక ఆదివారం తనే మా ఇంటికి వచ్చాడు, వదినతో. ఎన్నేళ్లకో! ఎప్పుడూ నేను వెళ్లడమే కానీ తను రావడం లేదు. ఆహా, మెచ్చుకోడానికి వచ్చాడనుకున్నాను. నాలుగు రోజుల ముందే వదిన ఫోన్ చేసి, "మీ అన్నయ్య పొద్దున్నుంచీ పేపర్లో నీ ఫొటో భూతద్దం పెట్టి మరీ చూస్తున్నారయ్యా, టీ చల్లారిపోయింది" అంటే ఆ రోజంతా నేను నేల మీద నడిచానా? వచ్చాడు, కూర్చున్నాడు, మా ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగాడు, గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా, "ఒరేయ్, కాటా ఎక్కడ పెట్టి తూచావు?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. భలే పట్టావురా అనడానికి కూడా ముందు పరీక్షేనా? నలుగురి ముందూ అరిచేశాను. "ఈ ఒక్కదాంట్లో వేలు పెట్టకు అన్నయ్యా! నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్!" మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. వదిన చీర కొంగు చూసుకుంటూ కూర్చుంది. అన్నయ్య "సరే" అన్నాడు. అంతే. సరే అని వెళ్లి, వెనక నుంచి ముద్దాయి ప్లీడరు దగ్గర చేరి, నా మీద సాక్ష్యానికి వచ్చాడు. ఇదీ సరే అంటే.

"ఏమండీ డిటెక్టివ్ గారూ, అలా మొహం వేలాడేశారేం?" ప్రభుత్వ లాయరు. నల్లకోటు మీద బిస్కెట్ పొడి దులుపుకుంటూ వచ్చి, నా పక్కన వంగి, అటు చివరనున్న అన్నయ్యకి వినబడకుండా గొంతు తగ్గించాడు. "బెంగ పెట్టుకోకండి, మీకేం కాదు. అవతలి ప్లీడరు కాగితం ఇందాకే నాకిచ్చాడు. మీ అన్నగారు ఏం చెబుతారంటే, ఆ కాటాకి తను అసలు పరీక్షే చేయకుండా ముద్ర వేశాడట. రాసి సంతకం పెట్టేశాడు. తూకం నమ్మలేం కాబట్టి కేసు పోతుంది, పోనివ్వండి. మీరు ముద్ర ఉన్న కాటాని నమ్మారు, అది మీ తప్పెలా అవుతుంది? చెప్పండి?" మరి తనకేమవుతుందండీ అన్నాను. "ఆయనకా? విచారణ వేస్తారు, సస్పెండు చేస్తారు. నాలుగు నెలల్లో రిటైరవుతాడట కదా, ఇలా అయింది. ఇంతకాలం వేసిన ముద్రలన్నీ తిరగేస్తారు, పేపర్లో పడుతుంది. అయినా తప్పు చేసినవాడు ఒప్పుకోవడం మంచిదే కదండీ." మరి స్టోరుకీపరు? "అనుమానం కింద వదిలేస్తారు" అని చెయ్యి విదిలించి వెళ్లిపోయాడు. అనుమానం కింద. అంటే తీశాడో లేదో తెలీదు, రుజువు కాలేదు, అంతే. బయటికి వెళ్లాక ఏ గోదాములో ఏ తలుపు ఆయనకి తెరుస్తారు?

పరీక్ష చేయకుండా ముద్ర వేశాడు. అన్నయ్య. ఈ మాట రెండు మూడుసార్లు నాలో నేను అనుకున్నాను, ఎక్కడా అతుక్కోవడం లేదు. జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరు సరైందో కాదో చూడ్డానికి ఇంకో థర్మామీటరు తెప్పించిన మనిషి. వాళ్ల ఆఫీసు గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుందని ఆఫీసరుకి ఉత్తరం రాసిన మనిషి. కిందికి చూశాను, నా చెప్పు పక్కన, బెంచీ కాలి కింద, నాలుగు మడతల కాగితం. సాక్ష్యం చెప్పి తన పేరు తనే పాడుచేసుకోడానికి వచ్చి, పిలుపు కోసం చూస్తూ, ఆ మాత్రం ఊగే బెంచీని ఊరికే వదల్లేకపోయాడు, ఇలాంటివాడు చూడకుండా ముద్ర వేశాడా? ఎవడికి చెబుతాడు? తలకిందులుగా నిలబడి చెప్పినా నమ్మను. అబద్ధం. ఎందుకు? దేనికి? ఆ ప్లీడరు ఏమైనా బెదిరించాడా, కాదు, తనని బెదిరించగలిగేవాడు పుట్టలేదు. మరి? బెంచీని అరచేత్తో నొక్కాను. కదల్లేదు. ఇందాక కదిలింది, ఇప్పుడు కదలదు, నేల మాత్రం అదే. నేల. నేలే కదా అంతా. లోపల పెట్టి తూచండి బాబూ. కాటా ఎక్కడ పెట్టి తూచావు. ఇద్దరూ ఒకే మాట అడిగారు, ఆ పెద్దాయనా, ఈ పెద్దాయనా, ఇద్దరి నోరూ నేనే మూయించాను. వసారా. వసారా నేల ఎవరైనా వాలుగా వేయిస్తారు, వాననీళ్లు బయటికి జారిపోవాలని. నాన్న దుకాణం ముందు వసారా కూడా అంతే, గోళీ పెడితే వీధిలోకి దొర్లిపోయేది, ఎన్ని గోళీలు పోగొట్టుకోలేదు నేను! రసమట్టం పెట్టి బుడగ మధ్యకి రాకుండా నాన్న ఏనాడూ కాటా మీద రాయి పెట్టలేదు. వాలులో కాటా చువ్వలు ఒరుసుకుంటాయి, తక్కువ చూపిస్తుంది, ప్రతిదానికీ అదే లెక్కన తక్కువ. అన్నీ ఒకే లెక్కన తగ్గితే దొంగ కాదురా, కాటా. ఇంత చిన్న విషయం, పదేళ్ల పిల్లాడిగా నాకు తెలిసిన విషయం. అక్కడ ఏమీ పోలేదు. బారెడు కాదు, బెత్తెడు కూడా పోలేదు.

పేపర్లో ఫొటోలో నేను కాటా మీద చెయ్యి వేసి నిలబడ్డాను, వెనకాల వసారా స్తంభం, వాననీళ్ల గొట్టం. భూతద్దం పెట్టి మరీ చూస్తున్నారయ్యా. నన్ను కాదు చూసింది. అన్నయ్య ఒక్క చూపులో తెలుసుకుని ఉంటాడు, ఆ గోదాము తనకి తెలుసు, కాటా ఏ మూల ఉండాలో తెలుసు. తెలిసి, నేనే నా నోటితో చెబుతానేమోనని మా ఇంటిదాకా వచ్చి అడిగాడు. నేనేమో వేలు పెట్టకు అన్నాను. అంతలో, తూకం కాగితాల మీద ఉంది కదా అని వదిలేస్తే, చుట్టలన్నీ ఫ్యాక్టరీకి వెళ్లిపోయాయి, కరిగించేశారు, ఇక మళ్లీ తూయడానికి ఏమీ లేదు. కాటాని నేనే తిరిగి లోపల పెట్టించాను. పంచనామాలో ఎక్కడా రాయలేదు, చిన్న సంగతి కదా అని. తన దగ్గర ఉన్నదల్లా ఒక ఫొటో. అది బయట పెడితే ఆ మనిషి బయటికొస్తాడు, నేను మునిగిపోతాను. పెట్టకపోతే ఆ మనిషి లోపలే కుళ్లిపోతాడు. కూర్చుని ఆలోచించాడన్నమాట, గొళ్లేలు తుడుస్తూ, వదినకి కూడా చెప్పకుండా, ఆలోచించి మూడో దారి కనిపెట్టాడు. కాటాయే తప్పు. ముద్రే తప్పు. వేసిన నేనే తప్పు, అంటాడు. ఓరి నా తెలివైన అన్నయ్యా, నీ అంతటివాడికి తట్టిన ఉపాయం ఇదా! నాకు ఏడుపొచ్చింది. నడవాలో అందరి ముందూ, యాభై రెండేళ్ల పోలీసువాణ్ణి, జేబురుమాలు తీసి ముక్కు చీదినట్టు చీదాను.

ఇలాంటిదే ఇంకోటి ఉంది, నేను తలుచుకోనిది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, బళ్లో, నా కొత్త పెన్ను పోయింది. పక్కవాడే తీశాడని చెప్పేశాను. వాడి సంచీ పక్కనే ఉంది కదా, ఇంకెవరు తీస్తారు? వాణ్ణి రెండు రోజులు క్లాసు బయట నిలబెట్టారు. మూడో రోజు సాయంత్రం అన్నయ్య నా సంచీ తీసుకుని, అడుగున గుడ్డ మడతని రెండు వేళ్లతో నొక్కి, ఏమీ అనకుండా నా వేళ్లు కూడా అక్కడ పెట్టించాడు. చిరుగులోంచి జారి మడతలో పడి ఉంది పెన్ను. రేపు చెబుతాను అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. పొద్దున్న నేను నోరు తెరిచేలోగా అన్నయ్య హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్లి, తమాషాకి నేనే దాచానండీ అన్నాడు. ఏడాదంతా తను మోసిన క్లాసు లీడరు బిళ్ల తీసేసుకున్నారు. ఇంట్లో నాన్న మూడు రోజులు తనతో మాట్లాడలేదు. నేను నోరు తెరవలేదు, ఆ రోజూ, ఆ తరవాతా, నాన్న పోయేదాకా, ఈ క్షణందాకా. ఇప్పుడు కూడా నేను చేయాల్సింది ఏమీ లేదు. లోపలికి వెళ్లాలి, ముద్ర చూశాను, నమ్మాను, తూచాను అనాలి. మూడు మాటలూ నిజాలే. సాయంత్రానికి ఆ అమ్మాయి వాళ్ల నాన్నని ఇంటికి తీసుకెళుతుంది. నా మీద ఈగ వాలదు. అన్నయ్య గుడ్డసంచీ భుజాన వేసుకుని ఇంటికెళ్లి, ఏమయిందండీ అని వదిన అడిగితే సరే అంటాడు. రేపట్నుంచి బజారులో ప్రతివాడూ వేలెత్తి చూపిస్తూ, ఆ ముల్లు చూడకుండా ముద్ర వేస్తుందట అంటాడు.

నా పేరు పిలిచాడు బంట్రోతు. లేచాను. మోకాలు పట్టేసింది. అటు చివరికి చూశాను, రూలు చూడకూడదనలేదు కదా, మాట్లాడకూడదనే అంది. అన్నయ్య కూడా చూస్తున్నాడు. ఎంత చిక్కిపోయాడు ఈ రెండు నెలల్లో, కాలరులో మెడ ఎంత సన్నగా ఉంది! నా కళ్లు చూశాడు, ఎర్రబడ్డాయి కాబోలు, ఇట్టే పోల్చుకున్నాడు, నాకు తెలిసిపోయిందని తనకి తెలిసిపోయింది. అడ్డంగా తలూపాడు. వద్దు. ఇంకోసారి ఊపాడు, గట్టిగా, చిన్నప్పుడు రోడ్డు దాటబోతుంటే ఊపినట్టు. నేను లోపలికి నడిచాను. తలుపు మూయొద్దని బంట్రోతుకి సైగ చేశాను, ఉక్కగా ఉందని వాడనుకున్నాడు.

ఇనప కటకటాల వెనక స్టోరుకీపరు నిలబడి ఉన్నాడు, చొక్కా గుండీలు అన్నీ పెట్టుకుని, నేనేదో మంచి మాట చెబుతాననుకున్నట్టు నాకేసి కొంచెం వంగి. నిజమే చెబుతానని చెప్పించారు, చెప్పాను. ప్రభుత్వ లాయరు హాయిగా మొదలుపెట్టాడు. "మీరు తూకానికి వాడిన కాటాకి ప్రభుత్వ ముద్ర ఉందా?" ఉందండీ అన్నాను. అక్కడ ఆపాలి, ఆయన తరవాతి ప్రశ్న అడగాలి. నేను ఆపలేదు. "ముద్ర సరైనదేనండీ. ఆ ముద్ర వేసినాయన చూడకుండా వేసే మనిషి కాదు, ఎవరు చెప్పినా, చివరికి ఆయనే చెప్పినా నమ్మకండి. కాటాలో కూడా ఏ లోపమూ లేదు. నేనే దాన్ని రాతినేల మీంచి తీయించి వసారాలో పెట్టించాను. వసారా వాలుగా ఉంది. నేను మట్టం చూడలేదు. అందుకే అన్ని చుట్టలూ ఒకే లెక్కన తక్కువ తూగాయి. గోదాములో ఏమీ పోలేదండీ. ఈయన ఏమీ తీయలేదు. లోపల పెట్టి తూచమని ఈయన అడిగారు కూడా, నేనే వినలేదు." లాయరు పెన్ను కింద పెట్టేశాడు. వెనకాల ఎవరో చిన్నగా కేక వేశారు, ఆ అమ్మాయే అయి ఉంటుంది. జడ్జిగారు రుమాలు ముక్కు దగ్గర్నుంచి తీసి, పంచనామా తిరగేసి, "ఇందులో ఈ మాట ఎక్కడా లేదే" అన్నారు. లేదండీ, నేను రాయలేదు అన్నాను. "కాటాని ఎందుకు మార్పించారు?"

వెలుతురు కోసం. నాలుక చివరనే ఉంది ఆ మాట, రెండు నెలలుగా నాకు నేనే చెప్పుకుంటున్నది, చెబితే ఎవరూ కాదనరు కూడా. తెరిచిన తలుపులోంచి బెంచీ చివర కొంచెం కనబడుతోంది, అక్కడ లేచి నిలబడ్డ మనిషి చొక్కా చెయ్యి కనబడుతోంది. "ఫొటో కోసమండీ" అన్నాను. "పేపరు ఫొటోగ్రాఫరు లోపల చీకటిగా ఉంది, సరిగ్గా రాదన్నాడు. బాగా రావాలనుకున్నాను. మా అన్నయ్య పొద్దున్నే పేపరు చూస్తాడండీ. ఈ కేసు నేనొక్కణ్ణే తేల్చానని తను చూడాలని." ఎవరో నవ్వారు, జడ్జిగారు బల్ల మీద కొట్టారు, నవ్వు ఆగిపోయింది. స్టోరుకీపరు నవ్వలేదు. కటకటాలు రెండు చేతులతో పట్టుకుని, కోపం లేకుండా, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

"అందుకా బాబూ?"

"అవునండీ" అన్నాను. "అందుకే."